దీని వయసెంత? - యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. అకశేరుక కార్డేట్ల మీద, అంటే వెన్నెముక లేకపోయినా మన వంశానికే చెందిన సముద్ర జీవుల మీద, నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ జీవుల మీద నీకున్న ఇష్టం ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది. దాన్ని అలాగే ఉంచుకో. చిక్కు మొదటి వాక్యంలోనే ఉంది: "అసిడియన్‌కు నోటోకార్డ్, నాడీదండం, తోక, మొప్ప చీలికలు ఉంటాయి." ఇందులో ఏ మాటకామాట నిజమే, అయినా వాక్యం తప్పు. రాతికి అతుక్కుని బతికే పెద్ద అసిడియన్‌ను నిలువునా కోసి చూడు. తోక ఉండదు, ఒంటికి ఊతమిచ్చే కడ్డీలాంటి నోటోకార్డ్ ఉండదు. అవి డింభకంలో ఉంటాయి, అదీ కొన్ని గంటలో కొన్ని రోజులో. మొప్ప చీలికలేమో పెద్దయ్యాకే వందల సంఖ్యలో విప్పారి పనిలోకి దిగుతాయి. రెండు వయసుల శరీరాలను కలిపి, ఎక్కడా లేని మూడో జీవిని తయారు చేశావు.

కాబట్టి ప్రతి వాక్యం దగ్గరా ఆగి, "ఇప్పుడు దీని వయసెంత?" అని అడుగు. జవాబు వాక్యంలో దొరకకపోతే ఆ వాక్యాన్ని తిరగరాయాల్సిందే. చేప గురించో పక్షి గురించో రాసేటప్పుడు ఇంత పట్టింపు అక్కర్లేదు. ఈ జీవుల్లో మాత్రం శరీర నిర్మాణం, జీవిత చక్రం అని రెండు వేరువేరు అధ్యాయాలు పెట్టుకుంటే రెండూ చెడతాయి.

రాయడానికి ముందు ఒక పొడవాటి కాగితం మీద అడ్డంగా గీత గీసుకో. ఎడమ కొసన ఫలదీకరణ, కుడి కొసన గుడ్లు విడిచే ప్రౌఢ దశ. సియోనా అనే అసిడియన్‌తో మొదలుపెట్టు, ఎందుకంటే దాని అభివృద్ధిని కణం కణంగా లెక్కపెట్టి ఉంచారు. నీరు 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే సుమారు ఒక గంటకు మొదటి విభజన, సుమారు 18 గంటలకు డింభకం గుడ్డు పొర చీల్చుకుని బయటికి రావడం. నీరు వేడెక్కితే ఈ గంటలు తగ్గుతాయి, చల్లబడితే పెరుగుతాయి. అందుకే ఉష్ణోగ్రత రాయకుండా గంటలు రాయకు.

అప్పుడే బయటికొచ్చిన ఆ డింభకం పొడవు ఒక మిల్లీమీటరు పైచిలుకు. ఒంట్లో మొత్తం సుమారు 2,600 కణాలు. తోక నడుమ నోటోకార్డ్, సరిగ్గా 40 కణాలు. మొదట అవి నాణేల దొంతరలా ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటాయి. తర్వాత కణాల మధ్య ద్రవం చేరి, ఆ ఖాళీలు కలిసిపోయి బిగువైన గొట్టమవుతుంది. దానికి అటు 18, ఇటు 18 కండర కణాలు. గొట్టం వంగుతుంది కానీ కురచబడదు. అందుకే ఒక పక్క కండరం ముడుచుకున్నప్పుడు తోక నలగకుండా పక్కకు కొట్టుకుంటుంది. "నోటోకార్డ్ శరీరానికి ఆధారాన్నిస్తుంది" అని పాఠ్యపుస్తకం పద్ధతిలో రాసి వదిలేశావే, అక్కడ రాయాల్సింది ఇది. ఆధారం దేనికి, ఎటు నుంచి వచ్చే బలాన్ని ఎలా తట్టుకుంటుంది అనేది తెలిస్తేనే పాఠకుడికి తోక కదలడం కనిపిస్తుంది.

డింభకం ఈదుతూ ఆహారం తింటుందని రాశావు. తినదు. దాని నోరు ఇంకా పనిచెయ్యదు. గుడ్డులోంచి తెచ్చుకున్న పచ్చసొనే దాని తిండి. అది చెయ్యాల్సిన పని ఒక్కటే, తగిన చోటు వెతుక్కోవడం. తలలోని చిన్న తిత్తిలో కాంతిని పసిగట్టే కంటిచుక్క ఒకటి, పైకింద తెలిపే నల్లటి రేణువు ఒకటి ఉంటాయి. ముందు పైపైకి ఈదుతుంది, తర్వాత నీడల వైపు దిగుతుంది. ముందు భాగంలో ఉన్న మూడు జిగురు మొనలతో రాతికో, పడవ అడుగుకో తలకిందులుగా అంటుకుంటుంది.

ఇక్కణ్నించి నీ వ్యాసం తొందరపడింది. నేనైతే రెండు పేజీలు ఇక్కడే ఖర్చు చేస్తాను. "తోక ఊడిపోతుంది" అనకు, ఊడదు. అంటుకున్న కాసేపటికి తోక కొస నుంచి మొదలు వైపుగా కణాలు వరసగా చనిపోతూ, మిగిలింది మొండెంలోకి ముడుచుకుపోతుంది. తోకతో పాటు నోటోకార్డ్, కండరాలు, వాటి మీద సాగిన నాడీదండం కరిగి కొత్త శరీరానికి ముడిసరుకవుతాయి. లోపలి అవయవాలు సుమారు 90 డిగ్రీలు తిరిగి, నోరు రాతి నుంచి దూరంగా పైకి చూస్తుంది. గ్రసని, అంటే నోటి వెనకున్న గొంతు భాగం, ఉబ్బుతుంది, చీలికలు పెరుగుతాయి. కొద్దిరోజుల్లో అది తినడం మొదలుపెడుతుంది. పాఠ్యపుస్తకాలు దీన్నే తిరోగమన రూపవిక్రియ అంటాయి. ఆ మాట వాడు, కానీ దాని బరువు గుర్తు పెట్టుకో. తోక, కన్ను పోవడం చూసి వెనక్కి నడక అన్నారు. అదే సమయంలో వడపోత యంత్రం, గుండె, జననాంగాలు ముందుకు పెరుగుతున్నాయి.

"అసిడియన్ తన మెదడును తానే తినేస్తుంది" అన్న ఉపశీర్షిక తీసేయి. ఆ మాట ఊరంతా తిరిగింది కాబట్టి నిజమనిపిస్తుంది. డింభకపు నాడీ భాగాలు చాలామటుకు కరిగిపోతాయి, నిజమే. కానీ పెద్దదానిలో రెండు సైఫన్ల (నీరు వచ్చే, పోయే గొట్టాల) మధ్య కొత్త నాడీసంధి, అంటే నాడీకణాల ముడి, ఏర్పడుతుంది. ముట్టుకుంటే సైఫన్లు టక్కున మూసుకుని ఒళ్లు ముడుచుకుపోయేది దాని వల్లే.

పెద్దదాన్ని వర్ణించేటప్పుడు అవయవాల జాబితా ఇవ్వకు, ఒక్క నీటి చుక్క వెంట వెళ్లు. నోటి సైఫన్‌లోంచి లోపలికి, గ్రసని బుట్టలోకి. నీటిని లాగేది కండరాలు కాదు, చీలికల అంచున కొట్టుకునే సన్నటి వెంట్రుకల్లాంటి శైలికలు. గ్రసని అడుగున గాడిలా ఉన్న ఎండోస్టైల్ జిగురు వల నేస్తుంటుంది. ఆ వల గోడల వెంట పైకి జరుగుతూ సూక్ష్మజీవులను పట్టుకుంటుంది. పైన దాన్ని తాడులా చుట్టి జీర్ణాశయంలోకి పంపుతుంది. నీరు మాత్రం చీలికల గుండా ఏట్రియం అనే గదిలోకి, అక్కణ్నించి రెండో సైఫన్ గుండా బయటికి. నువ్వు రాసినట్టు నీరు పేగులోంచి పోదు. పాయువు, జననాళాలు ఏట్రియంలోకే తెరుచుకుంటాయి కాబట్టి వ్యర్థాలు, గుడ్లు, శుక్రకణాలు ఆ ప్రవాహంలోనే బయటపడతాయి. ఎండోస్టైల్ అయోడిన్‌ను పట్టి ఉంచుతుంది. మన థైరాయిడ్ గ్రంథి మూలాన్ని అక్కడే వెతుకుతారు. ఇంకో మాట. దీని గుండె కాసేపు ఒక వైపు రక్తం తోసి, ఆగి, తర్వాత ఎదురు వైపు తోస్తుంది. ఇంత చక్కటి విషయాన్ని బ్రాకెట్లో పడేశావు.

బయటి తొడుగులో సెల్యులోజ్ ఉంటుందని రాసినచోట "మొక్కల్లాగా" అని ఆపావు. మొక్కల నుంచి రాలేదు. ఆ పదార్థాన్ని తయారుచేసే జన్యువు ఎప్పుడో బ్యాక్టీరియా నుంచి వీటి పూర్వీకుల్లోకి చేరిందని జన్యువుల పోలిక చెబుతోంది. అది కూడా రాయి.

చిన్న చేపలా కనిపించే ఆంఫియాక్సస్ దగ్గరా అదే ప్రశ్న వేసుకో. అయిదారు సెంటీమీటర్ల పెద్దదానిలో నోటోకార్డ్ జీవితాంతం ఉంటుంది, తల కొస దాకా సాగుతుంది. తలకార్డేట్ (సెఫలోకార్డేట్) అన్న పేరు దానికందుకే. ఇసుకలో ఒళ్లు దాచి, నోరు మాత్రం పైకి పెట్టి వడపోసుకుంటుంది. ఇక దాని డింభకం చూడు. నోరు ఎడమ పక్కన తెరుచుకుంటుంది. మొదటి వరస మొప్ప చీలికలు కుడి పక్కకు చేరతాయి, ఏట్రియం లేకపోవడంతో అవి నేరుగా బయటికే తెరుచుకుంటాయి. రూపవిక్రియలో రెండో వరస పుట్టి, మొదటి వరస ఎడమకు జరిగి, నోరు నడిమికి వస్తుంది. నీ బొమ్మలో డింభకాన్ని పెద్దదానికి చిన్న నకలుగా, రెండు పక్కలా సమంగా గీశావు. మళ్లీ గీయి.

ప్రకృతి శాస్త్రవేత్త పల్లాస్ ఆంఫియాక్సస్‌ను 1774లో నత్తజాతి జీవిగా వర్ణించాడు. అసిడియన్లనూ చాలాకాలం మెత్తటి శరీరపు మొలస్కాలతోనే కలిపారు. 1866లో జంతుశాస్త్రవేత్త కొవలెవ్‌స్కీ అసిడియన్ డింభకాన్ని గమనించి నోటోకార్డ్‌ను చూపించాకే కథ మారింది. ఒక్క పెద్ద జీవినే చూసినంతకాలం ఎవరికీ బోధపడలేదు. నీ ఉపోద్ఘాతానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

వంశవృక్షం పేరాలో "ఆంఫియాక్సస్ నుంచి మనం పుట్టాం" అన్నావు. ఈనాటి జీవి ఈనాటి మరో జీవికి తాత కాదు. పైగా 2006 తర్వాత జన్యు పోలికలు సకశేరుకాలకు దగ్గరి బంధువులు ట్యునికేట్లేనని (అసిడియన్లు, సాల్ప్‌లు ఉన్న సమూహమేనని) బలంగా చూపాయి. ఆంఫియాక్సస్ శాఖ అంతకు ముందే విడిపోయింది. పురుగులాంటి సముద్ర జీవి బాలనోగ్లాసస్‌ను కూడా ఇందులోంచి తీసేయి. దాని నోటిపై భాగంలో చిన్నగా పొడుచుకొచ్చినది నోటోకార్డ్ కాదు, ఆ జీవి నక్షత్రచేపల వైపు బంధువు.

పదాల సంగతి. నోటోకార్డ్‌కు పృష్ఠవంశం అని పాఠ్యపుస్తకాల్లో ఉంది, కానీ మామూలు పాఠకుడు దాన్ని వెన్నెముక అనుకుంటాడు, అప్పుడు నీ వాదమంతా తలకిందులవుతుంది. మొదటిసారి రెండు పేర్లూ చెప్పి, ఆపై నోటోకార్డ్ అనే వాడు. మధ్యలో పేరు మార్చకు. సొగసు కోసం పర్యాయపదాలు వేస్తే ఇక్కడ అవి వేరే అవయవాలైపోతాయి.

నీళ్లలో తేలుతూ బతికే అసిడియన్ల బంధువులు సాల్ప్‌ల మీద నువ్వు రాసింది మూడు వాక్యాలే, పరవాలేదు, ఈ వ్యాసానికి చాలు. తర్వాతి వ్యాసం మాత్రం వాటి మీదే రాయి. ఒంటరి రూపం మొగ్గలు తొడిగి గొలుసును కంటుంది. గొలుసులోని ఒక్కో జీవి మొదట ఆడది, కడుపులో పిండాన్ని జరాయువు (మావి)తో పోషిస్తుంది, తర్వాత మగదవుతుంది. ఆ పిండం మళ్లీ ఒంటరి రూపం. నడుమ తోక డింభకమే లేదు. ఈ తరాల మార్పిడిని 1819లో లోకానికి చెప్పిన షమీసో కవి కూడా. పక్కనే ఇంకో ట్యునికేట్ ఓయికోప్లూరాను పెట్టు. అది తోకను జీవితాంతం వదలదు, జిగురుతో అల్లుకున్న ఇల్లు మూసుకుపోయిన ప్రతిసారీ వదిలేసి కొత్తది కట్టుకుంటుంది. ఓయికోప్లూరా డయోయికా అనే జాతిలో ఆడది గుడ్లు విడిచేటప్పుడు ఒళ్లు పగిలి చనిపోతుంది.

తిరగరాసింది పంపేటప్పుడు ప్రతి పేరా పక్కన అంచులో ఆ పేరాలోని జీవి వయసు పెన్సిలుతో రాసి పంపు. బొమ్మల కింద స్కేలు మర్చిపోకు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి