నవలలు రాసేవాళ్లు కామిక్స్ కూడా రాస్తూ కెరీర్ నిలబెట్టుకోగలరా?

నిలబెట్టుకోగలరు. నేను తెలుగులో డిటెక్టివ్ నవలలు రాస్తాను, ఈమధ్య ఒక ఆర్టిస్ట్ మిత్రుడితో కలిసి కామిక్ కూడా చేస్తున్నాను. రెండు పడవల మీద కాళ్లెందుకని ఇంట్లో అడిగితే నేను చెప్పే పేరు మార్జరీ ల్యూ.

ఈ అమెరికన్ రచయిత్రి లా చదివారు. 2005లో ‘టైగర్ ఐ’ నవలతో మొదలుపెట్టి, అతీంద్రియ శక్తులున్నవాళ్ల ప్రేమకథలు వరసగా రాశారు. అవి రాస్తూనే సూపర్‌హీరో కామిక్స్ వేసే మార్వెల్ సంస్థకి వెళ్లారు. 2010 నుంచి ‘ఎక్స్-23’ సిరీస్ రాశారు. 2012లో ‘ఆస్టోనిషింగ్ ఎక్స్-మెన్’లో స్వలింగ సంపర్కుడైన సూపర్‌హీరో నార్త్‌స్టార్‌కి, అతని ప్రియుడు కైల్‌కి పెళ్లి జరిపించిందీ ఆవిడే.

అయితే ఆ పాత్రలు మార్వెల్‌వి. ఈరోజు మీరు రాస్తారు, రేపు ఇంకొకరు. నాకు బాగా నచ్చేది ఆ తర్వాత ఆవిడ వేసిన అడుగు. ‘ఎక్స్-23’కి బొమ్మలు వేసిన జపాన్ చిత్రకారిణి సనా తకేడాతో కలిసి 2015లో ‘మాన్‌స్ట్రెస్’ అనే ఫాంటసీ కామిక్ మొదలుపెట్టారు. ప్రచురించేది ఇమేజ్ కామిక్స్, హక్కులు మాత్రం వీళ్లిద్దరివే. దానికి 2017, 2018, 2019 వరసగా సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డులొచ్చాయి. 2018లో కామిక్స్‌కిచ్చే ఐస్నర్ అవార్డుల్లో ఉత్తమ రచయిత అవార్డు మరో రచయిత టామ్ కింగ్‌తో కలిసి అందుకున్నారు. ఆ విభాగంలో గెలిచిన తొలి మహిళ ఆవిడే. ఇంత పేరు తెచ్చిన జోడీ కుదిరింది మార్వెల్ కోసం కూలికి రాసిన ‘ఎక్స్-23’లోనే!

ఇక పని సంగతి. నవలలో ‘భయం భయంగా తలుపు తీశాడు’ అని రాసి ముందుకెళ్లిపోతాను. నా మిత్రుడు అక్కడే ఆపేస్తాడు. తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? టార్చ్ ఏ చేతిలో ఉంది? మనం గదిలోంచి చూస్తున్నామా, వరండాలోంచా? శవం చూసి పాఠకుడు ఉలిక్కిపడాలంటే అది పేజీ తిప్పగానే, ఎడమవైపు మొదటి ప్యానెల్‌లో, అంటే మొదటి బొమ్మ గడిలో కనబడాలి. డైలాగ్ నాలుగు లైన్లు దాటితే అది రాసే బెలూన్ మనిషి మొహాన్నే కప్పేస్తుంది. ఈ లెక్కలన్నీ నాకు చెప్పలేనంత ఇష్టం. వీటి వల్ల నా నవలల్లో కూడా సీన్లు బిగువుగా వస్తున్నాయి.

మీరు మొదలుపెట్టేటట్టయితే నవల ఆపకండి. ఒక ఆర్టిస్ట్‌ని వెతుక్కుని ఆరేడు పేజీల చిన్న కథ పూర్తి చేయండి. ఎంత స్నేహమున్నా సరే, మొదటి బొమ్మ గీయకముందే కాగితం రాసుకోండి: కవర్ మీద ఇద్దరి పేర్లూ ఉండాలి, హక్కుల్లో ఎవరి వాటా ఎంత, రేపు ఎవరైనా వెబ్ సిరీస్ తీస్తామంటే డబ్బు ఎలా పంచుకోవాలి.