గాజు ఇంట్లో కెమెరా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి పురిటికని లండన్ వచ్చి, జనవరిలో ఒక రోజు క్యూ ఉద్యానవనం చూడడానికి వెళ్ళాను. అక్కడి పామ్ హౌస్‌లోకి అడుగు పెట్టగానే కెమెరా లెన్స్ తెల్లగా మసకబారిపోయింది. చీర చెంగుతో తుడిచిన కొద్దీ మళ్ళీ పట్టింది. ఎలాగో తీసిన నాలుగు ఫోటోలలోనూ పైకప్పు తెల్లటి ముద్దగా, చెట్లు నల్లటి నీడలుగా వచ్చాయి. ఈ నెలాఖరులో మళ్ళీ వెళ్ళే వీలుంది. ఈసారి ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం (ప్రస్తుతం లండన్)

జవాబు: మసక పట్టడంలో మీ తప్పేమీ లేదు. వేడి దేశాల తాటి జాతి చెట్లను బతికించడం కోసం కట్టిన ఇల్లు కాబట్టి పామ్ హౌస్‌లో ఏడాది పొడవునా మన గోదావరి జిల్లాల శ్రావణ మాసపు ఉక్క ఉంటుంది. బయటి చలిలో అరగంట నడిచి వచ్చిన కెమెరా గాజు చల్లబడి ఉంటుంది కనుక, లోపలి తడిగాలి దాన్ని తాకగానే, ఉడుకుతున్న అన్నం గిన్నె మూతకు అడుగున నీరు కట్టినట్లు, సన్నటి బిందువులు పేరుకుంటాయి. ఆ గాజు వెచ్చబడే దాకా ఎన్నిసార్లు తుడిచినా ఫలితం ఉండదు. పైగా చెంగుతో తుడిస్తే నూలు పోగులూ చేతి జిడ్డూ లెన్స్‌కు అంటుకుని, ఆవిరి పోయిన తరువాత కూడా ఫోటోలో దీపాల చుట్టూ, ఆకాశం అంచుల్లో చారలు మిగులుతాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ చొక్కా అంచుతో తుడిచి, ఇంటికి వచ్చాక ఫోటోలు చూసుకుని నాలుక కరుచుకున్నవాణ్ణే.

ఈసారి బయట చలిలో ఉండగానే కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వీలైనంత గాలి తీసేసి మూయండి. ఆ సంచితోనే లోపలికి వెళ్ళి 20 నుంచి 30 నిమిషాలు ఆగండి. పట్టే ఆవిరి సంచి పైన పడుతుంది, లోపల కెమెరా పొడిగా ఉండి నెమ్మదిగా వెచ్చబడుతుంది. ఫోనుతో తీసేవారు దాన్ని కోటు లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచుకుంటే చాలు. లెన్స్ మార్చేది ఉంటే ఆ పని ముందే చూసుకోవాలి. ఆ ఉక్కలో కెమెరా నోరు తెరిస్తే తడి తిన్నగా సెన్సర్ (వెలుతురును బొమ్మగా పట్టే పలక) మీదికి పోతుంది.

ఆ అరగంటా ఊరికే పోదు. 1775లో, క్యూ తోట కోసం మొక్కలు సేకరించే ఫ్రాన్సిస్ మాసన్ దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన సైకాడ్ (చూడడానికి తాటిలా ఉండే వేరే జాతి) మొక్క ఆ ఇంట్లోనే ఉంది. కుండీలో పెరుగుతున్న మొక్కలలో ప్రపంచంలోకెల్లా పాతదిగా దానికి పేరు. ముసలివాడికి చేతికర్ర ఇచ్చినట్లు దాని వాలిపోయిన మొద్దుకు ఊతకర్రలు పెట్టారు. ముందుగా కళ్ళతో చుట్టూ తిరిగి చూసి, ఆ ఊతకర్రలు కూడా ఫోటోలో పడే చోటు ఎంచుకోండి. వాటిని తప్పించి తీస్తే అది మామూలు ఈత మొక్కలా కనిపిస్తుంది.

ఇక పైకప్పు తెల్లబడడం సంగతి. గాజులోంచి కనిపించే ఆకాశానికీ, ఆకుల కింది నీడకూ మధ్య వెలుతురు తేడా మన కన్ను సర్దుకోగలిగినంతగా కెమెరా సర్దుకోలేదు. ఎండ కాసే రోజున ఇది మరీ ఇబ్బంది, ఎందుకంటే ఇనుప కమ్మీల నీడలు ఆకుల మీద చారలు చారలుగా పడి ఏది ఆకో ఏది నీడో తెలియకుండా పోతుంది. మబ్బు పట్టిన రోజున గాజు కప్పంతా ఒకే పెద్ద దీపంలా మెత్తని వెలుతురునిస్తుంది, లండన్ చలికాలంలో అటువంటి రోజులకు కొదవ లేదు. అప్పుడు కూడా ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుతురును, ఒక స్టాప్ (సగానికి) తగ్గించి, సెన్సర్ పట్టినదంతా ఉన్నదున్నట్లు దాచే రా ఫైలుగా తీసుకుంటే నీడలను తరువాత కంప్యూటర్‌లో పైకి తేవచ్చు. తెల్లగా కాలిపోయిన కప్పును మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

అయితే నా అభిప్రాయంలో అసలు చిక్కు ఎక్స్‌పోజర్‌ది కాదు, ఒకే ఫోటోలో ఇంటినీ చెట్టునూ పట్టాలనుకోవడానిది. ఈ రెండింటిలో ఏది కావాలో ముందు తేల్చుకోండి. చెట్టు కావాలంటే కప్పును చట్రంలోకి రానివ్వకుండా, కెమెరాను కిందికి వంచి, ముదురాకు పచ్చ వెనకాల లేత ఆకు వెలిగే చోటు వెతకండి. ఇల్లు కావాలంటే అది దేనితో నిలబడిందో చూడాలి. 1844 నుంచి 1848 వరకు వాస్తుశిల్పి డెసిమస్ బర్టన్, ఇనుప పనివాడు రిచర్డ్ టర్నర్ కలిసి కట్టిన ఆ భవనానికి ఓడల నిర్మాణంలో వాడే పద్ధతిలో వంచిన చేత ఇనుప దూలాలే పక్కటెముకలు. మధ్య దారిలో నిలబడి పైకి చూస్తే, ఒడ్డున బోర్లించిన పెద్ద పడవ లోపల నిలబడి చూస్తున్నట్లే ఉంటుంది. ఆ ఎముకల వరుస రెండు వైపులా సరిసమానంగా పడేలా సరిగ్గా నడిమధ్యన నిలబడండి. ఒక అడుగు పక్కకు జరిగినా ఫోటోలో అది పొరపాటులా కనిపిస్తుంది. పైకి వెళ్ళే మెలి తిరిగిన మెట్లు తెరిచి ఉంటే తప్పక ఎక్కండి, తాటి మట్టల తలలను మన కాళ్ళ కింద చూసే అవకాశం మరెక్కడా తేలిగ్గా దొరకదు. ఎక్కిన కొద్దీ వేడి పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

రంగు గురించి ఒక మాట. మొదట్లో ఆ ఇంటికి, ఎండకు ఆకులు కమిలిపోకుండా, రాగి కలిపిన లేత ఆకుపచ్చ గాజు వేశారు. తరువాతి కాలంలో మామూలు గాజుకు మారారు కాబట్టి బతికిపోయాం. అయినా ఆకుల్లోంచి వడకట్టి వచ్చే వెలుతురు వల్ల పక్కన నిలబడిన మనవరాలి ముఖం కామెర్లు వచ్చినట్లు కనిపిస్తుంది. తెల్ల రంగు వేసిన ఇనుప దూలాన్ని చూపించి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే రంగుల సర్దుబాటు) సరిచేసుకుంటే ఆ బాధ చాలా వరకు తీరుతుంది.

బయటి నుంచి తీయాలనుకుంటే తోట తెరవగానే తూర్పు వైపున్న కొలను అవతలి గట్టుకు వెళ్ళండి. లండన్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, ఆకాశంలో 15 నుంచి 20 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఉదయం పూట ఆ ఏటవాలు వెలుగు గాజు మీద పడి, ఇల్లంతా నీటిలో తలకిందులుగా కనిపిస్తుంది. గాలి వీచకపోవడం మాత్రం మీ అదృష్టం.

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగం. లాల్‌బాగ్ గ్లాస్ హౌస్‌ను పూల ప్రదర్శనప్పుడు ఎన్నిసార్లు తీసినా జనం తలలే వస్తున్నాయి, స్తంభాలు లోపలికి ఒరిగిపోతున్నాయి.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: 1889 నవంబరు 30న విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేసిన ఆ మందిరాన్ని, గ్లాస్గోలోని మాక్‌ఫర్లేన్ కార్ఖానాలో పోత పోసిన ఇనుముతో కట్టారు. అది క్యూలో మాదిరి చలి నుంచి మొక్కలను కాపాడే ఇల్లు కాదు. ప్రదర్శనల కోసం కట్టింది కాబట్టి పక్కలు తెరిచి ఉంటాయి. పొద్దున్నే పక్కల నుంచి వచ్చే వెలుతురు సన్నటి స్తంభాలను ఒక వైపున మాత్రమే వెలిగిస్తుంది, తీయవలసింది అప్పుడు.

గణతంత్ర దినోత్సవానికీ స్వాతంత్ర్య దినోత్సవానికీ జరిగే ప్రదర్శనల్లో ఖాళీ గ్లాస్ హౌస్ కావాలనుకోవడం, తిరునాళ్ళలో ఏకాంత సేవ కోరుకోవడం లాంటిది. ఖాళీ ఇల్లు కావాలంటే మామూలు రోజున, నడకకు వచ్చేవారితో పాటు వెళ్ళండి. ప్రదర్శన రోజే కావాలంటే జనాన్ని వాడుకోండి: కెమెరాను కటకటాల మీదో, సంచి మీదో కదలకుండా ఆనించి, షట్టర్‌ను అర సెకను దాకా తెరిచి ఉంచితే, ఇనుమూ పూలూ స్పష్టంగా నిలిచి, మనుషులు రంగుల పొగలా జారిపోతారు.

స్తంభాలు ఒరగడానికి కారణం మీరు కెమెరాను పైకెత్తడమే. తెర మీద గీతల గడి పెట్టుకుని, కెమెరాను నేలకు నిటారుగా పట్టుకుని, నాలుగు అడుగులు వెనక్కి వెళ్ళండి. కింద అనవసరంగా పడిన నేలను తరువాత కత్తిరించుకోవచ్చు.

ప్రశ్న: తాళం వేసిన గాజు గదిలోని మొక్కలను బయటి నుంచి తీస్తే నా ప్రతిబింబమే పడుతోంది. పోలరైజర్ ఫిల్టర్ కొనాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అప్పుడే కొనకండి. ఆ ఫిల్టర్ గాజును ఏటవాలుగా చూసినప్పుడు ప్రతిబింబాన్ని బాగా తగ్గిస్తుంది. మీరు ఎదురుగా నిలబడి తీస్తే దాదాపు ఏమీ చేయదు, పైగా ఒకటిన్నర స్టాప్‌ల వెలుతురును మింగేస్తుంది. ముందుగా నల్ల చొక్కా వేసుకుని, లెన్స్ ముందు రబ్బరు హుడ్ (లెన్స్ అంచుకు తొడిగే గొట్టం) తగిలించి, దాన్ని గాజుకు పూర్తిగా ఆనించి తీసి చూడండి. ఆనించే ముందు గాజు మీద ఆ చోటు తుడవండి, ఈసారి మంచి మెత్తటి గుడ్డతోనే.