డర్బన్ బీచ్‌లో బోర్డులు: సముద్రాన్ని రంగును బట్టి ఎలా పంచారు?

మీరు అడిగింది: "ఉద్యోగం మీద డర్బన్ వెళ్తున్నాను. అక్కడి బీచ్‌లు ఒకప్పుడు జాతికొకటిగా ఉండేవట. గోడ కట్టలేని సముద్రాన్ని ఎలా విడదీశారు? మనవాళ్ళకి ఎక్కడ చోటిచ్చారు? ఇప్పుడు పరిస్థితి ఏమిటి?"

నేను పోర్టుకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ పని మీద కొన్నేళ్ళు దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉన్నాను. చదివింది కొంత, అక్కడి పెద్దవాళ్ళ నోట విన్నది కొంత కలిపి చెబుతాను.

గోడ ఎందుకండీ, బోర్డు చాలు. బోర్డు వెనక మునిసిపాలిటీ బైలా, బైలా వెనక చట్టం, చట్టం వెనక పోలీసు. అయితే ఇవన్నీ ఒక ఎత్తు, ఎవరి ఇల్లు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించడం ఒక ఎత్తు. రెండోదాన్ని ఎవరూ ఫొటో తీయరు కాబట్టి అందరికీ బోర్డే గుర్తుండిపోయింది. నా మటుకు నాకు ఇళ్ళ సంగతే అసలు కథ అనిపిస్తుంది. దానికి వస్తాను.

ముందు చట్టం సంగతి. 1948లో నేషనల్ పార్టీ గెలిచి అపార్ట్‌హైడ్ (జాతుల్ని విడదీసే ప్రభుత్వ విధానం) తెచ్చాకే ఇదంతా మొదలైందని చాలామంది అనుకుంటారు. కాదు. వేరు పెట్టే అలవాటు అంతకు ముందు నుంచే ఉంది. డర్బన్ ఇంగ్లీషు మాట్లాడే తెల్లవాళ్ళ ఊరు. నేషనల్ పార్టీ మాత్రం ఆఫ్రికానర్లది, అంటే డచ్చి మూలాలున్న తెల్లవాళ్ళది. "చెడ్డవాళ్ళంతా ఆ ఆఫ్రికానర్లే, మేం కాదు" అనే ధోరణి అక్కడ ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. విని ఊరుకోండి, నమ్మకండి.

అపార్ట్‌హైడ్ చేసిందేమిటంటే, ఆ అలవాటుకు సిగ్గు లేకుండా చేసింది. కేప్ టౌన్ రైల్వే స్టేషన్‌లో తెల్లవాళ్ళ వెయిటింగ్ రూములోకి వెళ్ళినందుకు జార్జ్ లూసు అనే ఆయన మీద కేసు పెట్టారు. మిగతావాళ్ళకిచ్చిన గది తెల్లవాళ్ళ గదికి ఏ రకంగానూ సమానం కాదు కాబట్టి ఆయన చేసింది నేరం కాదని కోర్టు తేల్చింది. ప్రభుత్వం ఆ గదిని బాగుచేయించి ఉండవచ్చు. అది చేయకుండా ఏకంగా చట్టాన్నే మార్చేసింది. 1953లో వచ్చిన ప్రత్యేక సదుపాయాల కేటాయింపు చట్టం ప్రకారం జాతికొక సదుపాయం పెట్టవచ్చు, అవి సమానంగా ఉండనక్కర్లేదు, కొందరికి అసలు పెట్టకపోయినా తప్పు లేదు. పార్కు బెంచీ, బస్సు, లైబ్రరీ, మరుగుదొడ్డి, అన్నీ దీని కిందికి వచ్చాయి. 1960లో ఒక సవరణ తెచ్చి ఒడ్డునీ సముద్రాన్నీ కూడా ఇందులోకి లాగారు.

ఆ బోర్డు ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. డర్బన్ బీచ్ బైలాల 37వ సెక్షన్ ప్రకారం ఈ స్నానాల చోటు కేవలం తెల్లజాతివాళ్ళ వాడకానికే కేటాయించబడింది అని ఇంగ్లీషులో, ఆఫ్రికానర్ల భాష ఆఫ్రికాన్స్‌లో, అక్కడి నల్లజాతి భాష జులూలో రాసి ఉంటుంది. "రావద్దు" అన్న మాట ఎక్కడా ఉండదు. కరెంటు ఆఫీసు నోటీసు ఎంత చప్పగా ఉంటుందో అంత చప్పగా ఉంటుంది. తిట్టు లేదు, కోపం లేదు, సెక్షన్ నంబరు మాత్రం ఉంది. నాకు ఒళ్ళు మండింది దానికే. ఆ ఫొటో 1989 నాటిది. అంటే మనింట్లో టీవీలో రామాయణం, మహాభారతం చూస్తున్న రోజులు.

ఇక ఎవరికి ఏది అన్నది. ఊరి ముందు దక్షిణాన ఆడింగ్టన్ నుంచి ఉత్తరం వైపు వెళ్తుంటే సౌత్ బీచ్, నార్త్ బీచ్, బే ఆఫ్ ప్లెంటీ వరసగా వస్తాయి. పెద్ద హోటళ్ళు, పిల్లలు ఆడుకునే నీళ్ళ మడుగులు, లైట్లు, ఐస్‌క్రీమ్ బండ్లు అన్నీ ఇక్కడే. ఇవన్నీ తెల్లవాళ్ళవి. ఇంకా ఉత్తరానికి పోతే బ్యాటరీ బీచ్. భారతీయులకు ఆ వైపు చోటిచ్చారు. ఆఫ్రికన్లకిచ్చిన ముక్క కూడా ఊరి నడిబొడ్డుకు దూరంగా ఉత్తరానే. జనాభాలో ఎక్కువమంది ఎవరో, మంచి ఒడ్డు ఎవరిదో పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, లెక్క తెలిసిపోతుంది. తెల్లవాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన నల్లజాతి ఆయాలకు మాత్రం ఆ ఇసుకలో అభ్యంతరం లేదు. రంగురంగుల కొమ్ముల కిరీటాలు పెట్టుకుని రిక్షా లాగే జులూలకూ లేదు. పనికి వస్తే పరవాలేదు, సరదాకి వస్తేనే నేరం.

పేరున్నవాళ్ళకూ తప్పలేదు. 1972లో గన్‌స్టన్ 500 సర్ఫింగ్ పోటీకి హవాయి నుంచి ఎడ్డీ ఐకావ్ వచ్చాడు. ఒంటి రంగు చూసి హోటల్లో గది ఇవ్వలేదు. చివరికి స్థానిక సర్ఫర్ షాన్ టామ్సన్ కుటుంబం తమ ఇంట్లో పెట్టుకుంది. ఆ బీచ్‌ల పక్కనే డర్బన్ కంట్రీ క్లబ్ ఉంది. 1963లో అక్కడ జరిగిన నేటాల్ (డర్బన్ ఉన్న రాష్ట్రం) ఓపెన్ గోల్ఫ్ పోటీలో పాప్వా సెవ్‌గోలమ్ అనే భారతీయుడు గెలిచాడు. క్లబ్బు లోపలికి రానివ్వకూడదు కాబట్టి బయట వానలో నిలబెట్టి కప్పు చేతికిచ్చారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. చెరుకు తోటల్లో ఒప్పందపు కూలీలుగా వచ్చిన మొదటి జట్టు అది. 1911 వరకు అలా వచ్చినవాళ్ళు లక్షన్నర పైనే. అందులో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాడు జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు చాలామంది. ఇవాళ అక్కడ నాయుడూ, రెడ్డీ అన్న ఇంటిపేర్లతో కనిపించే కుటుంబాలు చాలావరకు వాళ్ళ వారసులే. భాష దాదాపు పోయింది. 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ మాత్రం ఇంకా నడుస్తోంది.

ఒప్పందం తీరాక కొందరు డర్బన్ మునిసిపాలిటీలో చేరారు. రోడ్లు ఊడవడం, చెత్త ఎత్తడం, పాకీ పని. వాళ్ళకోసం సోమ్‌ట్సూ రోడ్డులో మ్యాగజైన్ బ్యారక్స్ అని లైను ఇళ్ళు కట్టారు. ఉన్నవాళ్ళలో ఎక్కువమంది తమిళులు, తెలుగువాళ్ళు. ఇరుకు గదులు, గదికొక సంసారం. కాని ఒక్క అదృష్టం, సముద్రం నడిచి వెళ్ళేంత దగ్గర. నేను అద్దెకున్న ఇంటి ఆంటీ పుట్టింది అక్కడే. (అక్కడ అమ్మ వయసున్న ప్రతి ఆవిడా ఆంటీయే, "అండీ"లు గట్రా ఏమీ ఉండవు.) వాళ్ళ నాన్న మునిసిపాలిటీ ఉద్యోగి. తెల్లారకముందే బీచ్ రోడ్డు ఊడ్చి వచ్చేవాడట. ఆయన శుభ్రం చేసిన అదే రోడ్డు పక్క మడుగులో తెల్లపిల్లలు ఆడుకుంటుంటే, ఈవిడ, అన్నదమ్ములు రెయిలింగ్ పట్టుకుని చూసేవాళ్ళు. ఎక్కువసేపు నిలబడితే ఎవరో ఒకరు అదిలించేవారు. అదిలించింది పోలీసే కానక్కర్లేదు, ఐస్‌క్రీమ్ తింటున్న ఏ పెద్దమనిషైనా చాలు. ఇది ఆవిడ నవ్వుతూ చెప్పింది, నేను నవ్వలేకపోయాను.

1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఏ జాతి ఎక్కడ ఉండాలో గీతలు గీసింది. 1960ల్లో మ్యాగజైన్ బ్యారక్స్ ఖాళీ చేయించి అందర్నీ చాట్స్‌వర్త్‌కు తోలారు. భారతీయుల కోసం కొండల మధ్య ప్రభుత్వం కట్టిన టౌన్‌షిప్ అది. ఆ బీచ్‌లకు చాలా దూరం. కాలినడకన వెళ్ళే సముద్రం కాస్తా రెండు బస్సులు మారి వెళ్ళే సముద్రం అయింది. చార్జీలు పెట్టి, అన్నం మూటగట్టుకుని, ఇంటిల్లిపాదీ కదిలితే గాని కుదరదు. దాంతో అది ఏడాదికి ఒకటి రెండుసార్లు, పండక్కో క్రిస్మస్ సెలవులకో జరిగే ప్రయాణం అయిపోయింది. బోర్డు ఉన్నా లేకపోయినా ఇది మారదు కదా. అందుకే ఇళ్ళ సంగతే అసలు కథ అన్నాను.

ఇక్కడ మనవాళ్ళని పూర్తిగా బాధితులుగా చూపించి వదిలేయడం కూడా సరికాదు. 1890ల్లో డర్బన్ పోస్టాఫీసుకు తెల్లవాళ్ళకొక ద్వారం, మిగతా అందరికీ ఒక ద్వారం ఉండేవి. ఆఫ్రికన్లతో కలిసి ఒకే ద్వారంలోంచి వెళ్ళడం మాకు అవమానం అని అక్కడి భారతీయుల సంఘం నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ తరఫున గాంధీగారి కాలంలోనే అర్జీ పెట్టారు. మూడో ద్వారం వచ్చింది, దాన్ని విజయంగా చెప్పుకున్నారు. "మాకు వేరే బీచ్ ఇచ్చారు, వాళ్ళ కంటే నయం" అన్న మాట నేను మనవాళ్ళ ఇళ్ళల్లోనే విన్నాను. నిచ్చెన మెట్లంటే మనకి కొత్తేం కాదుగా.

ఆ బోర్డులు ఎలా పోయాయంటే, ఒక్క రోజులో పోలేదు. 1980ల్లో డర్బన్ కొన్ని బీచ్‌లను అందరికీ తెరిచి, కొన్నింటిని తెల్లవాళ్ళకే అట్టేపెట్టింది. 1987 జనవరిలో ఒక తమాషా జరిగింది. అలన్ హెండ్రిక్స్ అప్పట్లో కలర్డ్ (మిశ్రమ జాతి) వర్గం నాయకుడు, బోథా ప్రభుత్వంలో సాక్షాత్తూ మంత్రి. పోర్ట్ ఎలిజబెత్‌లో తెల్లవాళ్ళ కింగ్స్ బీచ్‌లో దిగి ఈత కొట్టాడు. అధ్యక్షుడు బోథా మండిపడి ఆయన చేత క్షమాపణ చెప్పించాడు. మంత్రి పదవి ఇస్తారట, సముద్రంలో మునక మాత్రం వేయకూడదట!

1989లో ఉద్యమకారులు బీచ్‌లనే రణరంగం చేసుకున్నారు. ఆగస్టు 19న కేప్ టౌన్ దగ్గర బ్లూబర్గ్‌స్ట్రాండ్, స్ట్రాండ్ బీచ్‌లకు ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూతో సహా జనం తరలివెళ్ళారు. పోలీసులు కుక్కల్ని, కొరడాల్ని దింపారు. పిక్నిక్ బుట్టలు పట్టుకున్న జనాన్ని పోలీసులు తరుముతున్న దృశ్యాలు లోకమంతా చూసింది. సెప్టెంబరులో డర్బన్‌లోనూ వేలమంది తెల్లవాళ్ళ బీచ్‌లోకి నడిచారు. నవంబరు 16న కొత్త అధ్యక్షుడు డి క్లర్క్ బీచ్‌లన్నీ అందరికీ తెరుస్తున్నట్టు ప్రకటించాడు. తేదీ చూశారా? ట్రూరో ఓడ ఒడ్డుకు చేరిన తేదీయే. 129 ఏళ్ళు పట్టింది. ఎవరూ కావాలని కలిపింది కాదు, కాని డర్బన్‌లో ఈ ముక్క చెబితే ఇప్పటికీ చాలామంది ఉలిక్కిపడతారు. మూల చట్టం 1990 అక్టోబరులో రద్దయింది.

ఇప్పటి పరిస్థితి. చట్టం అడ్డు ఏమీ లేదు, మీరు నిశ్చింతగా ఎక్కడైనా దిగవచ్చు. కొత్త సంవత్సరం రోజు చూడాలి డర్బన్ బీచ్‌ని, ఇసుక కనిపించదు, తలకాయలే. ఎక్కువమంది ఆఫ్రికన్లు. తప్పిపోకుండా పిల్లల చేతులకు పట్టీలు కడతారు. ఆ గుంపును చూసి 2016 జనవరిలో ఒక తెల్ల రియల్ ఎస్టేట్ ఏజెంటు ఫేస్‌బుక్‌లో నల్లవాళ్ళను కోతులతో పోల్చి రాసింది. దేశం భగ్గుమంది. ఈక్వాలిటీ కోర్టు ఆవిడకు లక్షన్నర రాండ్లు కట్టమని తీర్పిచ్చింది. కాబట్టి లోపలి బోర్డులు కొందరికి ఇంకా దిగలేదు.

అలవాట్లు మాత్రం మొండివి. ఆదివారం సాయంత్రం ఉమ్‌గేని నది సముద్రంలో కలిసే బ్లూ లగూన్ దగ్గరికి వెళ్ళి చూడండి. వరసగా కార్లు, డిక్కీలు తెరిచి, లోపల భారతీయ కుటుంబాలు. చేతిలో బన్నీ చౌ. పావు రొట్టెను నిలబెట్టి, మధ్య మెత్తటి భాగం తీసి, ఆ గుంటలో మటన్ కూర పోసి, తీసిన ముక్కను మూతలా పైన పెట్టి ఇస్తారు. చెంచా అడిగితే నవ్వుతారు. ముందు ఆ ముక్కను కూరలో అద్దుకుని తిని, తరవాత గోడలు కూల్చుకుంటూ కిందికి రావాలి. అడుగు మెత్తబడకముందే పూర్తి చేయాలి, లేదంటే చొక్కా మీదే.

ఒకసారి ఆంటీని సౌత్ బీచ్‌కు తీసుకెళ్ళాను. బెంచీ మీద కూర్చుని ఏ మడుగు ఎక్కడుండేదో, అదిలించేవాళ్ళు ఎక్కడ నిలబడేవాళ్ళో వేలితో చూపించింది. నీళ్ళలోకి రమ్మంటే రాలేదు. ఈ వయసులో ఇసుక ఎవరు దులుపుకుంటారు అంది. పెద్ద మనవడు మాత్రం ఆ నీళ్ళలోనే సర్ఫింగ్ బోర్డు మీద పడుకుని అల కోసం చూస్తున్నాడు. ఆవిడ తరంలో ఈత వచ్చినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. నేర్పడానికి స్విమ్మింగ్ పూల్ లేదు, చాట్స్‌వర్త్‌కు తోలాక దగ్గరలో సముద్రమూ లేదు, ఇక ఈత ఎలా వస్తుంది?

మీరు వెళ్ళాక డెర్బీ స్ట్రీట్‌లో 1860 హెరిటేజ్ సెంటర్ ఉంది, తీరిక చేసుకుని చూడండి. కూలీల ఓడల సంగతులు అక్కడ ఉంటాయి, మీ ఊరివాళ్ళ పేర్లు తగిలినా తగలవచ్చు. బీచ్‌లో దిగేటప్పుడు లైఫ్‌గార్డులు పాతిన జెండాల మధ్యే దిగండి. హిందూ మహాసముద్రం అక్కడ మన వైజాగ్ కంటే మెత్తనిదేమీ కాదు, కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది.