ఆ వేసవికి ఏమీ తెలియదు

తిరుపతి

అబ్బాయీ,

నువ్వు పంపిన వ్యాసం అందింది. చదివి పక్కన పెట్టి, మళ్ళీ తీసి చదివాను. స్నేహితుడు పోయి ఏడాది తిరక్కముందే కూర్చుని ఇన్ని పేజీలు రాశావంటే నీకు రాయాలన్న పట్టుదల ఉన్నట్టే. అందుకే మొహమాటపడకుండా చెబుతాను.

డిగ్రీ సెలవుల్లో మీరిద్దరూ దామలచెరువు మామిడి మండీలో కాయలు ఏరే పనికి పోయిన భాగం చాలా బాగుంది. తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీ లారీకి, బేనీషా గడ్డి పరిచిన బుట్టల్లోకి, దెబ్బ తిన్నవి వేరేగా. సొన అంటుకుని నీ చేతికి పొక్కులు లేస్తే వాడు కొబ్బరినూనె రాస్తూ, "ఈ చేత్తోనే గదరా నువ్వు రేపు ఆఫీసరయ్యి సంతకాలు పెట్టేది" అన్నాడని రాశావు. అక్కడ నాకు మనిషి కనిపించాడు.

ఆ వెంటనే ఏం రాశావో చూసుకో. "ఆ నవ్వు ఎక్కువ కాలం ఉండదని అప్పుడు మాకు తెలియదు." ఈ వాక్యం కొట్టెయ్. ఇలాంటివి వ్యాసమంతా ఉన్నాయి. పాకాలలో రైలు దిగుతుంటే ఒకటి, చంద్రగిరి కోటలో ఒకటి, స్వర్ణముఖి ఇసుకలో ఇంకొకటి. వాడు పోయాడని మొదటి పేరాలోనే చెప్పావు, చదివేవాడు మరిచిపోడు. సంతోషపడ్డ ప్రతిచోటా నువ్వొచ్చి చావును గుర్తుచేస్తుంటే ఆ సంతోషాన్ని ఎవరూ నమ్మరు. ఆ కత్తిరి ఎండల్లో మీ ఇద్దరి బుర్రలో ఉన్నది కూలి డబ్బులు, ఫస్ట్ షో టికెట్లు, సప్లిమెంటరీ పరీక్షల టెన్షన్. అదే రాయి. ఆ రోజు వాడు బతికే ఉన్నాడు, ఆ పేజీలో కూడా బతకనియ్యి.

వ్యాసంలో ఇంకో జబ్బు పొగడ్త. "బంగారం లాంటి మనిషి" అన్నావు. పోయిన ప్రతివాడూ మన పేపర్లలో బంగారం లాంటి మనిషే.

నా స్నేహితుడి గురించి ఎవరైనా అడిగితే నేను గంగమ్మ జాతర దగ్గర మొదలుపెడతాను. మేం ఎస్వీ యూనివర్సిటీలో చదివే రోజుల్లో, పరీక్షలైపోయి హాస్టల్ ఖాళీ అయ్యాక, మే నెలలో జాతర వచ్చేది. నీకు తెలిసిందే, తాతయ్యగుంట గంగమ్మకి మొక్కుకున్నవాళ్ళు రోజుకో వేషం కడతారు. నామం సుద్ద పూసుకుని బైరాగి, కుంకుమతో బండ, బొగ్గుతో తోటి, గంధంతో దొర, ఆ తర్వాత చీర కట్టి మాతంగి. క్లాసులో లేచి జవాబు చెప్పడానికే సిగ్గుపడే మా వాడు మాతంగి వేషం కడతానన్నాడు. వాళ్ళమ్మ మొక్కు అది. అక్క చీర సరిపోయింది గానీ గాజులు ఎక్కలేదు. బొటనవేలి ఎముక దగ్గరే ఆగిపోయాయి. పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చోబెట్టి, వాళ్ళక్క చేతికి సబ్బు నురగ రాసి ఒక్కో గాజూ ఎక్కిస్తోంది. వీడు కళ్ళు గట్టిగా మూసుకుని, "మెల్లగా అక్కా, పగిలితే అమ్మవారికి కోపమొస్తుంది" అంటాడు. "అమ్మవారికి కాదురా, నాకొస్తుంది, డజను ఎంతో తెలుసా" అంటుంది ఆమె. వీధిలోకి వచ్చాక మాత్రం వాడెవరో నేనెవరో. తల ఎత్తుకుని, జనం మధ్యలోంచి, నన్ను చూసి కూడా పలకరించకుండా నడిచిపోయాడు. నాకు కోపమొచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

వాడు సిగ్గరి, తల్లి మాట జవదాటడు, పట్టుకుంటే వదలడు అని ఇప్పుడు నేను విడిగా చెప్పాలా? నీ దగ్గర కూడా ఇలాంటివి ఉంటాయి. వాడి మీద నీకు కోపమొచ్చిన రోజులు వెతుకు. మనిషి అక్కడ బాగా దొరుకుతాడు.

చంద్రగిరి కోట భాగంలో, 1639లో మద్రాసు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళిన కథంతా అరపేజీ చెప్పావు. ఆ కోటలోని రాజమహల్ సంగతులు కావాలంటే ఎవరైనా వెతుక్కుంటారు. ఆ నీడలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ వాడు నీతో ఏమన్నాడో, అది నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్పేటప్పుడు వాడి నోటి మాటనే రాయి. "నేను రాలేను మిత్రమా" అని మన జిల్లాలో ఏ కుర్రాడైనా అంటాడా? "నా చేత గాదు, పోరా" అనుంటాడు.

ఇక నాకు అసలు మింగుడుపడనిది. సెలవులు అయిపోయాయి, ఒక ఖాళీ లైను వదిలావు, తర్వాత పేరాలో ఆసుపత్రి. మధ్యలో అన్నేళ్ళు ఏమయ్యాయి? ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు, ఈఎంఐలు మొదలయ్యాక కలిసినా మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదని నువ్వే ఫోన్‌లో చెప్పావు. మరి అది రాయవేం? నా స్నేహితుడికి చిత్తూరులో ఉద్యోగం వచ్చింది. ఏటా మామిడి కాలంలో ఆర్టీసీ డ్రైవరుకి ఒక గంప అప్పజెప్పి నాకు ఫోన్ చేసేవాడు. "బస్సు నంబరు రాసుకో." అంతే. బాగున్నావా అని కూడా ఉండదు. బస్టాండులో ఆ బస్సు కోసం నేను ప్లాట్‌ఫారాలన్నీ తిరగాలి. కొన్నేళ్ళపాటు మా మాటలన్నీ కలిపితే ఆ నంబర్లే. మా ఆవిడ "ఇదేం స్నేహమండీ" అనేది. నాకైతే అందులో ఏ లోటూ కనపడలేదు. సెలవుల్లో ఉన్నదే స్నేహం, ఆ తర్వాతిదంతా దాన్ని తలుచుకోవడమే అని నువ్వు అనుకుంటున్నట్టుంది. నేను ఒప్పుకోను. ఖాళీ లైను తీసేసి అక్కడ ఒకటి రెండు పేజీలు రాయి, చప్పగా ఉన్నా ఫరవాలేదు.

చివర్లో నీ స్నేహితుడు చేసిన అప్పుల గురించి రాశావు. నిజమే కావచ్చు. కానీ వాడి భార్య చిత్తూరులోనే ఉంది, పాప బడికి పోతోంది. అచ్చుకి ఇచ్చే ముందు ఆమెకి చదివి వినిపించు. వద్దంటే తీసెయ్, వాదించకు. అప్పుల సంగతి రాయకపోతే మనసు ఊరుకోదంటావా, ఊరూ పేరూ మార్చి, ఆనవాలు తెలియకుండా కథగా రాసుకో. నిజం పేరుతో ఏదైనా రాయొచ్చని వాదించేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ళెవరూ రేపు ఆ ఇంటికి వెళ్ళి కాఫీ తాగక్కర్లేదు.

బడులు తెరవకముందే వెళ్ళు, తర్వాత ఆమెకి తీరిక దొరకదు. దిద్దిన ప్రతిని మాత్రం ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకు, నా కళ్ళకి ఆనడం లేదు. ప్రింటు తీసి పోస్టులో వెయ్యి.

ఆశీస్సులతో,
మీ సార్