టెక్ సందేహాలు: గీతలు నిండుగా ఉన్నా కాల్ ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: వెనక బెడ్‌రూమ్‌లో వైఫై అందడం లేదని అక్కడ రిపీటర్ (రౌటర్ సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పెట్టె) పెట్టించాం. ఇప్పుడు ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనిపిస్తున్నాయి, కానీ అమెరికాలో ఉన్న అబ్బాయితో వీడియో కాల్ మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపోతోంది. రిపీటర్ మార్చాలా? (ఒక పాఠకురాలు, మధురవాడ)

మార్చకండి. ఇదే ప్రశ్న సీతమ్మధార నుంచి వచ్చింది, గాజువాక నుంచి వచ్చింది, అక్కయ్యపాలెం నుంచి రెండుసార్లు వచ్చింది. అందరూ చేసిన పని ఒకటే: సిగ్నల్ ఎక్కడ రావడం లేదో సరిగ్గా అక్కడే రిపీటర్ పెట్టారు. మీ ఫోన్‌కి వినపడనిది ఆ గదిలో రిపీటర్‌కి మాత్రం ఎలా వినపడుతుంది? ఫోన్‌లో కనిపించే గీతలు ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య ఉన్న అంచెవి, అది నాలుగడుగుల దూరం కాబట్టి నిండుగానే ఉంటాయి. రౌటర్ నుంచి రిపీటర్ దాకా ఉన్న మొదటి అంచె గురించి ఫోన్‌కి ఏమీ తెలియదు, మీ ఇబ్బందంతా అక్కడే ఉంది.

లెక్క చూడండి. ఒక్కో అంచెలో నూటికి పది ప్యాకెట్లు (సమాచారాన్ని విడగొట్టి పంపే ముక్కలు) చెడిపోతున్నాయనుకుంటే, రెండు అంచెలు దాటేసరికి చేరేవి 81, మూడు దాటితే 73. అయితే వైఫై వాటిని అలా వదిలేయదు. ప్రతి ముక్క చివరా 32 బిట్ల సరిచూపు సంఖ్య ఉంటుంది, అది కుదరకపోతే అందుకున్న పరికరం ఆ ముక్కను పారేసి ఊరుకుంటుంది, అందిందన్న కబురు రాలేదని పంపినది మళ్లీ పంపుతుంది, మళ్లీ పంపుతుంది. అందుకే చెడిపోయిన ప్యాకెట్లు మీకు నష్టంగా కనపడవు, ఆలస్యంగా కనపడతాయి. సినిమా డౌన్‌లోడ్ చేస్తే తేడా తెలియదు, వీడియో కాల్‌లో మాత్రం అబ్బాయి నోరు తెరిచి అలాగే ఉండిపోతాడు. పైగా చవకరకం రిపీటర్లలో రేడియో ఒక్కటే ఉంటుంది, అదే చానల్లో విని అదే చానల్లో తిరిగి చెప్పాలి కాబట్టి వేగం అక్కడికే సగం అవుతుంది.

తప్పు ఏ అంచెలో ఉందో తేల్చుకోవడం కష్టం కాదు. లాప్‌టాప్ పట్టుకుని రిపీటర్ పక్కనే కూర్చోండి. ముందు రిపీటర్ చిరునామాకి వంద పింగ్‌లు (చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూసే పరీక్ష) పంపండి, తర్వాత రౌటర్ చిరునామాకి వంద. మొదటిది 3, 4, 3 మిల్లీసెకన్లుగా నిలకడగా ఉండి రెండోది 9, 12, 240, 11, 310 అంటూ ఎగిరెగిరి పడుతుంటే చెడింది మొదటి అంచె. మొదటిదే ఎగురుతుంటే చుట్టుపక్కల ఫ్లాట్ల వైఫైలన్నీ మీ చానల్ మీదే ఉండి ఉండొచ్చు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మాత్రమే, వాటిలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. రిపీటర్ సెట్టింగ్స్ పేజీలో రౌటర్ సిగ్నల్ ఎంత అందుతోందో చూడండి: వీడియో కాల్‌కి మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ తర్వాత అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం) దగ్గర ఉండాలి, మైనస్ 80 అయితే అక్కడ పెట్టి లాభం లేదు. దాన్ని తీసి హాలుకీ బెడ్‌రూమ్‌కీ మధ్య నడవలో, స్టీలు బీరువాకి దూరంగా పెట్టండి.

ఈ రిపీటర్లు తయారుచేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. ఎన్ని ముక్కలు మళ్లీ పంపాల్సి వచ్చిందో ఆ పరికరానికి ప్రతి క్షణం తెలుసు, ఆ అంకె ఒక్కటి తెర మీద చూపిస్తే జనం రెండో రిపీటర్ కొనరు. చూపించేది ఒక నీలం లైటు, అంతే.

అయితే కాల్ తెగడం కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. ఈమధ్య ఎంవీపీ కాలనీలో తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లాను. మెట్ల దగ్గరే నా ఫోన్‌లో పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ ఒకటి కనిపించింది, బిగించిన రోజు సెటప్ కోసం తెరిచి మళ్లీ మూయనిది. కలిపి, వాళ్ల ముందే రిపీటర్ పేజీ తెరిచాను. పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్. లోపల వాళ్ల ఇంటి వైఫై పాస్‌వర్డ్ చుక్కలు కూడా లేకుండా అక్షరాలా కనిపిస్తోంది, అది ఆ ఇంటాయన ఫోన్ నంబరే. ఆ పేజీలో ఎవరైనా డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరు కొడితే అది ఎక్కడుందో చెప్పే సేవ) మార్చి పోతే, మీరు కొట్టిన బ్యాంకు చిరునామాకి ఎక్కడికి దారి చూపాలో వాళ్లే నిర్ణయిస్తారు.

డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే సౌకర్యం) కూడా ఆపేయండి. దాని ఎనిమిదంకెల పిన్‌ను రెండు సగాలుగా సరిచూస్తారు కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. 2017లో బయటపడ్డ క్రాక్ లోపం (దగ్గర్లో ఉన్నవాళ్లు మీ వైఫైలో వెళ్లేదాన్ని చదవడానికి దారిచ్చేది), రౌటర్‌కి ఒక ఫోన్‌లా తగులుకునే రిపీటర్లకి మరీ ప్రమాదం. మీ పెట్టెకి ఆ తర్వాత ఒక్క అప్‌డేట్ కూడా రాకపోతే అది ఎంత బాగా పనిచేస్తున్నా తీసేయండి.

ప్రశ్న: మా ఫ్లాట్‌లో మొబైల్ సిగ్నల్ రాదు. ఆన్‌లైన్‌లో దొరికే బూస్టర్ పెట్టుకోవచ్చా? (ఒక పాఠకుడు, పెదవాల్తేరు)

వద్దండీ. వైఫై రిపీటర్ ముక్కను చదివి, తప్పుంటే పారేసి, బాగుంటేనే ముందుకు పంపుతుంది. బూస్టర్‌కి ఆ వివేకం లేదు, మాటనీ రొదనీ కలిపి పెంచేస్తుంది, ఆ రొద టవర్‌కి చేరి వీధిలో అందరి కాల్సూ చెడతాయి. అనుమతి లేకుండా దాన్ని పెట్టుకోవడం మన దేశంలో నేరం కూడా. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి, పైసా ఖర్చు లేదు.