రాతికి రంధ్రం వేసే పనిముట్లలో పెద్ద మార్పు ఏది?

సమ్మెట, ఉలి కాలం నుంచి నేటి హైడ్రాలిక్ యంత్రాల దాకా వచ్చిన మార్పుల్లో ఏది పెద్దదని అడిగారు. చాలామంది గాలిని ఒత్తిడితో పంపే కంప్రెసర్ పేరే చెబుతారు. యర్రగుంట్ల దగ్గర సున్నపురాయి క్వారీలోనూ, తర్వాత పులివెందుల వైపు ముగ్గురాయి గనిలోనూ గాలితో నడిచే చేతి డ్రిల్లు జాక్‌హామర్ పట్టినవాడిని. నా ఓటు మాత్రం రాతిలోకి దిగే డ్రిల్లు రాడ్డు నడుమ ఉండే సన్నని బెజ్జానికే.

గాలితో నడిచే డ్రిల్లును ఆల్ప్స్ పర్వతాల్లో ఫ్రేజుస్ సొరంగం తవ్వడానికి 1861లోనే వాడారు. పని వేగం పెరిగింది, ధూళీ పెరిగింది. 1897లో అమెరికాలో లేనర్ అనే ఆయన బోలు రాడ్డు గుండా మొదట వట్టి గాలే పంపితే, లేచిన దుమ్ముకు కార్మికులే ఆ యంత్రం వద్దు పొమ్మన్నారు. తర్వాత నీళ్లు కూడా పంపాడు. రాతిపొడి బురదై బయటికొచ్చింది, మొన చల్లబడింది. రాతి ధూళి వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ జబ్బు పాలు కాకుండా ఎందరినో కాపాడింది ఆ నీళ్లే.

రెండో స్థానం టంగ్‌స్టన్ కార్బైడ్‌ది. 1920లలో జర్మనీలో తయారైన ఈ గట్టి పదార్థం 1940లలో స్వీడన్ వాళ్ల చేతుల్లో రాడ్డు కొనకు చేరింది. సున్నపురాయిలో దీని విలువ అంతగా తెలియదు. గండికోట కొండల్లో ఉన్నలాంటి క్వార్ట్జైట్ అనే గట్టి రాయి తగిలితే అప్పుడు తెలుస్తుంది. వట్టి ఉక్కు మొన చూస్తుండగానే మొద్దుబారిపోతుంది.

ఉలి మొన రాడ్లు సెట్టుగా వస్తాయి. పొట్టి రాడ్డుకు మొన వెడల్పు ఎక్కువ, రాడ్డు పొడవు పెరిగేకొద్దీ మొన కాస్త కాస్త తగ్గుతుంది. మొన అరుగుతూ దిగుతుంది కనుక రంధ్రం లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది. అందులోకి మళ్లీ అదే వెడల్పు మొన దించితే బిగుసుకుపోతుంది, పైకి లాగలేక చేతులు పడిపోతాయి. కొత్తగా చేరినవాళ్లు ఏకంగా పొడవాటి రాడ్డే అందుకుంటారు, చెప్పినా వినరు! సాన పట్టేటప్పుడు కోణం 110 డిగ్రీల దగ్గర ఉంచాలి. మరీ పదును పెడితే కార్బైడ్ చిట్లుతుంది.

లోతైన రంధ్రాలకైతే డీటీహెచ్ (డౌన్ ది హోల్) డ్రిల్లు మేలు. అందులో సుత్తే రంధ్రంలోకి దిగుతుంది, రాడ్ల అతుకుల దగ్గర దెబ్బ బలం వృథా కాదు.

మన సీమలో నీళ్లు లేవంటూ పొడిగానే డ్రిల్లు వేయిస్తారు. అలాంటి చోట ధూళిని పీల్చే పరికరం పెట్టించమని గట్టిగా అడగండి. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు సన్నని సిలికా ధూళిని ఆపలేదు.