టెర్మినల్‌లో నడిచే జాంగో యాప్, ఎన్‌జిన్‌ఎక్స్ వెనక పెట్టగానే 502 ఎందుకు ఇస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఉబుంటు 22.04 వేసిన చిన్న క్లౌడ్ సర్వర్, దాని మీద జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) యాప్, జాంగోతోనే వచ్చే టెస్ట్ సర్వర్ రన్‌సర్వర్‌తో 8000 పోర్టులో చక్కగా తెరుచుకుంటోంది. గునికార్న్‌ని (జాంగో యాప్‌ని నడిపే సర్వర్) సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని లేపి చూసుకునేది) సర్వీసుగా పెట్టి, దాని ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (బయటి రిక్వెస్టులు అందుకుని వెనక్కి పంపే వెబ్ సర్వర్) పెట్టగానే 502 బ్యాడ్ గేట్‌వే. ఎవరో చెప్పారని ప్రాజెక్ట్ ఫోల్డర్ మొత్తానికి 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు) ఇచ్చేశారు, అయినా 502 పోలేదు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో టైమవుట్లు కూడా పెంచి చూశారు.

ముందు టైమవుట్ల సంగతి తేల్చేద్దాం. పేజీ కొట్టిన మరుక్షణమే 502 వస్తుంటే దానికీ టైమవుట్‌కీ సంబంధం లేదు, ఆ లైన్లు తీసేయండి. అరనిమిషం తిరిగి తిరిగి అప్పుడు 502 వస్తే అది వేరే కథ: గునికార్న్ డిఫాల్ట్ టైమవుట్ 30 సెకన్లు, అప్పటికి జవాబివ్వని వర్కర్‌ని (రిక్వెస్టులకి జవాబిచ్చే ప్రాసెస్) అదే చంపేస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ తనంతట తాను విసిగిపోతే వచ్చేది 504 (గేట్‌వే టైమవుట్), ఎన్‌జిన్‌ఎక్స్ డిఫాల్ట్ 60 సెకన్లు. మీది వెంటనే వస్తోందని రాశారు కాబట్టి ఇది పక్కన పెట్టేయొచ్చు.

502 అంటే ఎన్‌జిన్‌ఎక్స్ బాగానే ఉంది, దాని వెనకున్నవాడు పలకడం లేదు అని. ఎందుకు పలకడం లేదో బ్రౌజర్‌లో ఎప్పటికీ కనపడదు. వార్ (var) ఫోల్డర్ కింద లాగ్, దాని కింద ఎన్‌జిన్‌ఎక్స్ ఫోల్డర్‌లో ఎర్రర్ లాగ్ ఉంటుంది, దాని చివరి లైన్లు చూడండి. సాకెట్‌కి (ఎన్‌జిన్‌ఎక్స్, గునికార్న్ మాట్లాడుకునే ఫైల్) కనెక్ట్ కాలేకపోయానని ఒక లైన్ ఉంటుంది, అందులో బ్రాకెట్‌లో ఒక నంబరు. చాలామంది ఆ లైన్ మొత్తం గూగుల్‌లో వేసి దొరికిన ప్రతి సలహా వరసగా ప్రయత్నిస్తారు, చూడాల్సింది మాత్రం ఆ నంబరే. 2 అయితే సాకెట్ ఫైలే అక్కడ లేదు, అంటే గునికార్న్ లేవలేదు లేదా సాకెట్ ఇంకెక్కడో పెట్టింది. 111 అయితే చిరునామా సరైనదే కానీ అక్కడ వినేవాళ్లెవరూ లేరు. 13 అయితే అన్నీ ఉన్నాయి, ఎన్‌జిన్‌ఎక్స్‌కి అక్కడిదాకా వెళ్లే అనుమతి లేదు.

మీది 13 అయ్యుంటుందని నా అనుమానం. మీ సాకెట్ హోమ్‌లోని ఉబుంటు ఫోల్డర్ కింద, ప్రాజెక్ట్ లోపల ఉంది కదా. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా తయారయ్యే యూజర్ల హోమ్ ఫోల్డర్ పర్మిషన్ 750, అంటే ఓనర్, అతని గ్రూపు తప్ప ఇతరులు లోపలికి రాలేరు. అంతకుముందు 755 ఉండేది, ఎవరైనా రావచ్చు. ఎన్‌జిన్‌ఎక్స్ వర్కర్లు నడిచేది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్ కింద, ఆ యూజర్ మీ గ్రూపులో లేడు కాబట్టి హోమ్ గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. మీరు 777 ఇచ్చింది ఆ లోపలున్న ప్రాజెక్ట్‌కి. వీధి గేటుకి తాళం వేసి లోపల గదుల తలుపులన్నీ బార్లా తీసినట్టన్నమాట. పైగా గునికార్న్ యుమాస్క్ (కొత్త ఫైళ్ల నుంచి ఏ అనుమతులు తీసేయాలో చెప్పే అంకె) డిఫాల్ట్ సున్నా, అంటే అది తయారుచేసే సాకెట్ ముందే అందరికీ తెరిచే ఉంటుంది, మీరు కొత్తగా తెరిచిందేమీ లేదు.

మేము ఒక చిన్న సంస్థకి చేసిన సైట్ 20.04 మీద ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా నడిచింది. సర్వర్ మార్చాల్సొచ్చి కొత్తదాని మీద 22.04 వేసి, పాత కాన్ఫిగ్ ఫైళ్లు అక్షరం మార్చకుండా కాపీ చేస్తే సరిగ్గా మీకొచ్చిన 502నే వచ్చింది. ఫైళ్లు పోల్చి చూస్తే తేడా ఏమీ లేదు, అదే అసలు తలనొప్పి. పైథాన్ వెర్షన్ మారింది కదా అదేనేమో అని ఒకరు, గునికార్న్ పాతది వేద్దాం అని ఇంకొకరు. నేమ్‌ఐ అనే చిన్న కమాండ్ ఉంది, దానికి మైనస్ ఎల్ పెట్టి సాకెట్ పూర్తి దారి ఇస్తే, రూట్ నుంచి సాకెట్ వరకు ఒక్కో ఫోల్డర్ ఎవరిది, పర్మిషన్ ఏంటి అని వరసగా చూపిస్తుంది. అందులో హోమ్ దగ్గర చివరి మూడు గడులు ఖాళీ. విషయం అక్కడే తేలిపోయింది. ఇప్పటికీ నెట్‌లో దొరికే పాత ట్యుటోరియల్స్ చాలావాటిలో సాకెట్ హోమ్ కిందే ఉంటుంది, రాసిన రోజుల్లో అవి కరెక్టే మరి.

మీ దగ్గరా కారణం ఆ హోమ్ పర్మిషనేనా అని తేల్చుకోవడానికి ముందు గునికార్న్ బతికుందో లేదో చూడండి. కర్ల్‌కి (టెర్మినల్ నుంచి రిక్వెస్టులు పంపే కమాండ్) యునిక్స్-సాకెట్ ఆప్షన్ ఇచ్చి సాకెట్ దారి చెబితే ఎన్‌జిన్‌ఎక్స్‌తో పని లేకుండా నేరుగా యాప్‌తో మాట్లాడుతుంది. హోస్ట్ హెడర్‌లో మీ డొమైన్ ఇవ్వండి, లేకపోతే అలవ్డ్ హోస్ట్స్‌లో (జాంగో ఒప్పుకునే డొమైన్ల జాబితా) లోకల్‌హోస్ట్ లేదని జాంగో 400 ఇస్తుంది. 400 వచ్చినా కంగారు పడక్కర్లేదు, జాంగో పలికిందంటే గునికార్న్ బాగున్నట్టే.

అసలు ఏ జవాబూ రాకపోతే జర్నల్‌సీటీఎల్ (సిస్టమ్‌డీ లాగ్‌లు చూపించే కమాండ్)‌లో మీ సర్వీస్ లాగ్ చూడండి. స్టేటస్ 203 అని ఉంటే గునికార్న్ దారి తప్పు రాశారని, లేదా అది నడపగలిగే ఫైల్ కాదని. సీక్రెట్ కీ లేదనో డేటాబేస్ పాస్‌వర్డ్ లేదనో ఏడుస్తుంటే, మీ బాష్ ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచినప్పుడు చదివే సెట్టింగుల ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేసినవి సిస్టమ్‌డీకి తెలియవు, అది ఆ ఫైల్ చదవదు. టెర్మినల్‌లో నడిచి సర్వీసుగా నడవని యాప్‌ల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే. వాటిని ఒక ఫైల్‌లో పెట్టి సర్వీస్ ఫైల్‌లో ఎన్విరాన్‌మెంట్‌ఫైల్ లైన్‌తో చూపించండి, తర్వాత డీమన్-రీలోడ్ చేసి రీస్టార్ట్ చేయండి. రీలోడ్ మర్చిపోతే పాత సర్వీస్ ఫైలే నడుస్తుంటుంది, మీరేమో మార్చినా మారట్లేదని జుట్టు పీక్కుంటారు.

13 అని తేలితే అర్జెంటు మందు: హోమ్ ఫోల్డర్‌కి ఇతరులకి ఎగ్జిక్యూట్ మాత్రం ఇవ్వండి, అంటే 751. లోపల ఏముందో లిస్ట్ చూడలేరు, దాటి వెళ్లగలరు, అంతే. సైట్ అప్పటికప్పుడు లేస్తుంది, క్లయింట్ ఫోన్లు ఆగుతాయి. అయితే లోపలి 777 అలాగే ఉండగా ఇది మాత్రం చేయకండి, సర్వర్‌లో ఏ ప్రాసెస్ అయినా మీ కోడ్ మార్చేసే పరిస్థితి వస్తుంది. ముందు ఫోల్డర్లు 755కి, ఫైళ్లు 644కి తెచ్చి, పాస్‌వర్డ్‌లున్న ఫైల్‌ని 600 చేయండి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోని (ఈ ప్రాజెక్ట్‌కి విడిగా పెట్టిన పైథాన్ ఫోల్డర్) బిన్ ఫోల్డర్‌ని ఈ 644 నుంచి తప్పించండి, లేకపోతే ఇందాక చెప్పిన 203 వచ్చి కూర్చుంటుంది.

నిలబడే పద్ధతి కావాలంటే సాకెట్‌ని హోమ్‌లోంచి తీసేయండి. సర్వీస్ ఫైల్‌లో రన్‌టైమ్‌డైరెక్టరీ అని ఒక పేరు రాస్తే, సర్వీస్ లేచిన ప్రతిసారీ రన్ ఫోల్డర్ కింద ఆ పేరుతో డైరెక్టరీ సరైన యూజర్ పేరు మీద సిస్టమ్‌డీయే తయారుచేస్తుంది. చేత్తో మాత్రం చేయకండి, రన్ ఉండేది మెమరీలో, రీబూట్ అయితే మాయమవుతుంది, అప్పుడు 13 పోయి 2 వస్తుంది. టెంప్ ఫోల్డర్ కూడా వద్దు, ప్రైవేట్‌టెంప్ అనే సిస్టమ్‌డీ సెట్టింగ్ ఆన్‌లో ఉన్న సర్వీసులకి ఎవరి టెంప్ వాళ్లది. కోడ్‌ని కూడా ఎస్ఆర్‌వీ లేదా ఆప్ట్ కిందకి మార్చాలనుకుంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ని కాపీ చేయకుండా కొత్త చోట మళ్లీ తయారుచేయండి, దాని స్క్రిప్టుల మొదటి లైన్‌లో పాత దారి అతుక్కుని ఉంటుంది.

502 పోయాక అడ్మిన్ పేజీ రంగు రూపు లేకుండా వస్తుంది, ఇప్పుడే చెబుతున్నా. డీబగ్ ఆఫ్ అయ్యాక స్టాటిక్ ఫైళ్లు (సీఎస్ఎస్, బొమ్మల్లాంటివి) జాంగో ఇవ్వదు. వాటన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో చేర్చే కలెక్ట్‌స్టాటిక్ కమాండ్ నడిపి, ఆ ఫోల్డర్‌ని ఎన్‌జిన్‌ఎక్స్ లొకేషన్ (ఏ వెబ్ చిరునామాకో చెప్పే భాగం)‌లో ఎలియాస్‌గా చూపించాలి, లొకేషన్ చివర స్లాష్ ఉంటే ఎలియాస్ చివర కూడా ఉండాలి. సీఎస్ఎస్‌కి 404 వస్తే దారి తప్పు, 403 వస్తే మళ్లీ ఆ హోమ్ గొడవే. స్టాటిక్‌ని వార్ కింద డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూలో పెట్టేస్తే ఆ బాధ ఉండదు. హెచ్‌టీటీపీఎస్ పెట్టాక లాగిన్‌లో సీఎస్ఆర్‌ఎఫ్ (ఫారం వేరే సైట్ నుంచి రాలేదని చూసే రక్షణ) ఎర్రర్ వస్తే, జాంగో 4.0 నుంచి ఆరిజిన్ హెడర్ కూడా చూస్తుంది కాబట్టి, ట్రస్టెడ్ ఆరిజిన్స్‌లో డొమైన్‌ని ముందు హెచ్‌టీటీపీఎస్‌తో సహా రాయాలి.

నేమ్‌ఐ ఇచ్చినదీ, ఎర్రర్ లాగ్‌లో చివరి లైనూ ఇక్కడ పెట్టండి, డొమైన్ పేరు చెరిపేసి పెట్టినా పర్లేదు. 13 కాకుండా 111 ఉంటే మీ సర్వీస్ ఫైల్ కూడా కావాలి, అప్పుడు పైన చెప్పిన హోమ్ మార్పులేవీ చేయకండి.